గుమ్మానికి తగిలించిన మోకు

బైరప్ప మా అమ్మకు మొదటి మొగుడు. ఈ మాట నేను ఎవరి ముందైనా చెప్తాను. కుప్పంలో మా చుట్టాలకు ఇది గిట్టదు. "సచ్చినోళ్ల సంగతులు ఇప్పుడు యాల తవ్వుతావు మే?" అని మూతి ముడుస్తారు. ముడిస్తే ముడవనీ. ఆయన బతుకు అడ్డం తిరగకపోతే నేను పుట్టేదాన్నే కాదు. ఆయన గురించి నాలుగు మాటలు చెప్పేదానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు కూడా.

పుంగనూరు నుంచి సోమలకు పోయే దారిలో, రోడ్డు దిగి రెండు మైళ్లు నడిస్తే వాళ్ల పల్లె. ఈడిగవాళ్లు. తాతల కాలం నుంచి వంకల పక్కనున్న ఈతచెట్లు గీసి కల్లు దించడమే పని. నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడును మోకు అంటారు. ఆ మోకు మీదే బతుకూ చావూ. బైరప్ప చెట్టెక్కితే కింద నిలబడి చూడాలనిపించేదని అమ్మ చెప్పేది. మట్ట కింద మెడ దగ్గర కత్తితో చెక్కి, ముంత కట్టి, తమలపాకు నోట్లో వేసుకున్నంత సేపట్లో దిగొచ్చేవాడట.

మనిషి మంచివాడే గానీ దేన్నీ మెచ్చుకునే రకం కాదు. మదనపల్లెకు పోయొచ్చి, "ఏముండాది ఆడ? దుమ్ము" అన్నాడు. తిరుపతి కొండెక్కి దిగొచ్చి, "మెట్లు జాస్తి" అన్నాడు. దేవుడి సంగతి ఎత్తనేలేదు. ఆయన లెక్కలో పుంగనూరు ఆవు, వాళ్ల వంక నీళ్లు, తను దించిన ఈతకల్లు, ఈ మూడే భూమ్మీద బాగున్నవి. మా అమ్మ వెంకటమ్మ ఆయనకు పూర్తిగా ఎదురు. రైలు కూత వినబడితే చాలు, అది ఎక్కడికి పోతుందో కనుక్కోవాలి ఆమెకు.

యుద్ధం రావడానికి ముందు సంవత్సరం మా జిల్లాలో కల్లు బందు పెట్టారు. గీసిన చెట్లు గీసినట్టే నిలబడిపోయాయి. బైరప్ప రెండేళ్లు బావులు తవ్వాడు, శెనక్కాయలు పెరికాడు, రాళ్లు కొట్టాడు. చెట్టు మీద పక్షిలా తిరిగిన మనిషి నేల మీద కాళ్లు ఈడ్చుకుంటూ ఇంటికొస్తుంటే తలెత్తి చూడలేకపోయేదాన్నని అమ్మ అనేది.

పుంగనూరులో ఖాదర్ వలి అని చింతపండు వ్యాపారి ఉండేవాడు. ఏటా గూడూరు వైపు చింతపండు తీసుకుపోయి, వచ్చేటప్పుడు ఎండుచేపలు తెచ్చేవాడు. సంతలో బైరప్ప కనిపిస్తే ఆయనే చెప్పాడు.

"ఆ జిల్లాలో బందు లేదప్పా. సముద్రం గట్టున తాటిచెట్లు అడివి మాదిరి ఉండాయి. గీసే మనుషులు చాలక అల్లాడతా ఉండారు. నాతో రా, నేను చూపిస్తా."

ఇంటికొచ్చి బైరప్ప ఈ సంగతి చెప్పగానే అమ్మ మూట కట్టడం మొదలుపెట్టింది.

"నువ్వు యాడికి మే?" అన్నాడు.

"నేనూ వస్తా. నాకు సముద్రం సూడాలని ఉండాది."

"సూసేదానికి ఏముంటాది? తాగేదానికి పనికిరాని నీళ్లు. ముందు నేను పోయి సూస్తా. మనుషులు ఉండే సోటైతే కదా నిన్ను పిలుసుకోని పొయ్యేది."

అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు సద్దిమూట కట్టిచ్చింది. పందొమ్మిది వందల నలభై, ఉగాది వెళ్లిన వారం అది. మదనపల్లె రోడ్డు స్టేషనులో ఆయన రైలెక్కాడు.

తర్వాత జరిగిందంతా బైరప్ప మా అమ్మకు ఒక్కసారే చెప్పాడు. అమ్మ నాకు వందసార్లు చెప్పింది.

ఖాదర్ వలి తీసుకుపోయిన ఆ సముద్రం గట్టు పాళెం చూసి ఆయనకు ఏడుపు వచ్చిందట. అడుగు వేస్తే ఇసుక, ఊపిరి పీలిస్తే చేపల కంపు. ఒళ్లంతా జిడ్డు. కొండ అనేది కంటికి ఆనదు. రాత్రింబగళ్లు ఆ హోరు. "ఈ సముద్రానికి నోరు మూసుకునేది తెలీదా?" అని అడిగాడట పెంచలయ్యను. పెంచలయ్య ఆ పాళెంలో ముసలి గీతగాడు. బైరప్పను పనిలో పెట్టుకున్నది ఆయనే.

మొదటి రోజే తల తీసేసినట్టయింది. మనవాడు తాటిచెట్టు ఎక్కి, అలవాటు కొద్దీ ఈతచెట్టుకు చెక్కినట్టు మెడ దగ్గర చెక్కాడు. చెట్టు కల్లు కార్చలేదు సరే, కింద పాళెం పాళెమంతా విరగబడి నవ్వింది.

"ఏందబ్బయా, చెట్టుకు క్షవరం చేస్తండావా?" అన్నాడు పెంచలయ్య. "తాటికి మెడ కాదు, గెల చెక్కాల. దిగు, దిగు."

ఇరవై ఏళ్లు చెట్టెక్కిన మనిషి మళ్లీ ఓనమాలు దిద్దుకున్నాడు. గెల కొన రోజూ వెంట్రుకంత పలుచగా చెక్కాలి. ఎక్కువ చెక్కితే గెల దండగ, తక్కువ చెక్కితే ముంత దండగ. నెల రోజులకు చేయి కుదిరింది. తను దించిన మొదటి ముంత తెల్లవారుజామున పెంచలయ్యకు ఇస్తే, ఆయన తాగకుండా తాటాకు దొన్నెలో పోసి బైరప్పకే ఇచ్చాడు.

"తాటికల్లు గొడ్లు తాగే కుడితి" అని తన పల్లెలో వందసార్లు అన్న మనిషి, ఆ దొన్నె రెండు చేతులతో పట్టుకుని తాగాడు. ఇంకో దొన్నె అడిగి తాగాడు. తియ్యగా ఉండి, వెనకాల చిన్నగా నాలుక కొరికిందట. చల్లటి గాలి, కాళ్ల కింద తడి ఇసుక, కడుపులో ఆ కల్లు. అప్పుడు తలెత్తి చూస్తే సముద్రం మీద పొద్దు పొడుస్తోంది.

ఆ రోజు నుంచి ముంత కట్టాక కూడా చెట్టు దిగబుద్ధి అయ్యేది కాదట. పై నుంచి చూస్తే తెప్పలు ఒకదాని వెనక ఒకటి లోపలికి పోయేవి. పక్క చెట్టుకు గిజిగాళ్లు గూళ్లు అల్లేవి. చలికాలంలో ఎర్రకాళ్ల కొంగలు వేలకు వేలు వచ్చి మడుగుల్లో దిగేవి. ఎన్నడూ దేన్నీ బాగుందనని మనిషి చెట్టు మీద ఒక్కడే కూర్చుని, "వెంకటమ్మా, ఇది నువ్వు సూడాల" అని పైకే అనుకునేవాడు. ఇసుకదిబ్బ పక్కన తాటాకు గుడిసె వేశాడు. వాకిలి సముద్రం వైపు పెట్టాడు, ఆమె లేవగానే కనబడాలని.

ఉప్పుగాలికి ఆయన మోకు పీచులు రేగి బలం తప్పింది. పెంచలయ్య కొత్త మోకు పేని ఇచ్చాడు. ఆ పాళెంలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త మోకు కట్టిన మగాడు పాతది పెళ్లానికి పంపుతాడు. ఆమె దాంతో దూడను కట్టేస్తే ఇంట్లో పాడి నిలుస్తుందంటారు. బైరప్పకు అది ముచ్చటగా తోచింది. చింతపండు అమ్ముకుని తిరిగిపోతున్న ఖాదర్ వలికి పాత మోకు చుట్ట చుట్టి ఇచ్చాడు.

"ఇది మా ఆడమనిషికి ఇయ్యప్పా. ఇల్లు కట్టినానని చెప్పు. వానలు పడకముందే వాళ్లన్నను తోడు పెట్టుకోని రమ్మను."

మా ఈడిగవాళ్లలో మోకు ఒంటరిగా ఇంటికి రాదు. చెట్టు మీద నుంచి పడి మనిషి పోతే, ఆ చావు కబురు నోటితో చెప్పకూడదు. తెచ్చిన మనిషి మోకును గుమ్మానికి తగిలించి, వెనక్కి చూడకుండా పోతాడు. చిన్నప్పటి నుంచి ఈ సంగతి తెలిసినవాడే బైరప్ప. వాళ్ల నాయన మోకు అట్లాగే వచ్చింది ఇంటికి. ఏడాది ఆ గాలిలో ఉండి, ఆ కల్లు తాగి, ఆ నేలవాడైపోయి మరిచిపోయాడు. అంతగా దేన్నీ ప్రేమించడం తెలియనివాడు, తెలిసీ తెలియగానే ఇంత పొరపాటు చేశాడు. నాకు ఆయన మీద కోపం వచ్చేది ఇక్కడే, ఏడుపు వచ్చేదీ ఇక్కడే.

ఖాదర్ వలి పల్లెకు వచ్చే సరికి మధ్యాహ్నం. ఇళ్లన్నీ మూసి ఉన్నాయి, అందరూ శెనక్కాయ చేలల్లో ఉన్నారు. కాసేపు చూశాడు. సరుకు పనిమీద పుంగనూరులో మదనపల్లె బస్సు అందుకోవాలి. వచ్చే సంతలో ఎవరితోనైనా కబురు చెబుదాం, మొగుడి వస్తువు ఆమె గుర్తుపట్టదా అనుకున్నాడు. మోకు పోకుండా గుమ్మానికి తగిలించి వెళ్లిపోయాడు. వచ్చే సంతకు ఆయన విషజ్వరంతో మంచం మీద ఉన్నాడు. లేచేసరికి రెండు నెలలు, ఈపాటికి ఆమె పోయే ఉంటుందిలే అనుకున్నాడు; మళ్లీ ఆ గట్టుకు పోనూ లేదు.

పొద్దు వాలాక మా అమ్మ ఇంటికొచ్చింది. గుమ్మం చూసింది.

అనుమానపడేదానికి ఏమీ లేదు. అది ఆయన మోకే, నడుముకు ఆనే చోట అమ్మ కుట్టిన గుడ్డ కూడా ఉంది. పక్కింటి మునిరత్నమ్మ వచ్చి గాజులు పగలగొట్టింది. మా మేనమామ గూడూరు దాకా పోయి వస్తానన్నాడు. పోయి ఎవరిని అడగాలి? సముద్రం గట్టున పాళెం అని తప్ప పేరు కూడా తెలియదు. మోకు వచ్చిన తర్వాత పోయి వెతకడం, తెచ్చినవాణ్ణి అడగడం మా కులంలో లేదు. పదకొండో రోజు వంక ఒడ్డున పిండం పెట్టారు.

అక్కడ బైరప్ప వానలు పడేదాకా చూశాడు. పడ్డాక కూడా చూశాడు. ఆమె రాలేదు. "పిలుసుకోని పోలేదని రోషం. రాకుంటే పోనీ" అనుకుని తనూ బిగుసుకున్నాడు. ఆ బిగువు ఏడాది ఉంది. ఆ ఏడాదిలోనే అమ్మకు మారుమనువు జరిగింది. కుప్పంలో రైలు పట్టాల మీద గ్యాంగుమ్యాను పని చేసే అంకయ్య, పెళ్లాం పోయినవాడు. ఆయనే మా నాయన.

నలభై రెండులో జపానువాళ్లు బాంబులు వేస్తారని గట్టున జనమంతా బెదిరిపోయారు. బైరప్పకు తన ప్రాణం గుర్తు రాలేదట, వెంకటమ్మ గుర్తొచ్చింది. తాటి సీజను కాగానే, గూడూరులో నీలిరంగు చీర ఒకటి కొనుక్కుని బయలుదేరాడు. పల్లెలో ఆయన్ను మొదట చూసింది మునిరత్నమ్మ. ఆమె చేట కింద పడేసి దయ్యం అని కేక పెట్టింది. సంగతి తెలిశాక ఆయన తన ఇంటి ముందు కూర్చుని తలుపుకేసి తల కొట్టుకున్నాడట. పుంగనూరులో ఖాదర్ వలి ఆయన చేతులు పట్టుకుని, "నాకు తెలీదప్పా, అల్లా సాక్షిగా నాకు తెలీదు" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరిని తిట్టాలో తెలియక బైరప్ప పలమనేరు మీదుగా కుప్పం బస్సెక్కాడు.

అమ్మ వాకిట్లో రాగులు చెరుగుతోంది. కడుపులో నేను, అయిదో నెల. ఆయన్ను చూసి కేక పెట్టలేదు. చేట పక్కన పెట్టి, దగ్గరికి పోయి, మొహం తడిమి చూసింది. ఇద్దరూ తిన్నె మీద కూర్చున్నారు. ఆయన నిష్ఠూరమాడలేదు. పెంచలయ్య గురించి, తాటికల్లు గురించి, తెప్పల గురించి, కొంగల గురించి, గుడిసె వాకిలి గురించి చెప్పాడు. అన్నేళ్ల కాపురంలో ఆయన అన్ని మాటలు మాట్లాడటం అమ్మ ఎన్నడూ వినలేదట. నాయన డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంకా చెప్తూనే ఉన్నాడు.

"వస్తావా మే?" అని అడిగాడు చివరికి, నాయన ముందరే.

నాయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"సూడు వెంకటమ్మా, ముందు కట్టుకున్నోడు ఆయప్ప. తప్పు ఎవురిదీ కాదు. నువ్వు పోతానంటే నేనే రైలెక్కిస్తా. కడుపులో బిడ్డ నా బిడ్డే, ఎవురి ఇంట్లో పెరిగినా నేను గలాటా సెయ్యను."

అమ్మ లోపలికి పోయి సంగటి తెచ్చింది. ఇద్దరు మగవాళ్లకూ వడ్డించింది. తిని చేయి కడుక్కున్నాక బైరప్పతో అంది: "నువ్వు పో అయ్యా."

పోవాలని లేదా అమ్మా అని పెద్దయ్యాక అడిగాను. "లేకేం? కాళ్లు లేసినాయి. మీ నాయన ఆ మాట అనకుండా ఉంటే పొయ్యిందును. అంత మాట అన్న మనిషిని ఇడిసిపెట్టి యాడికని పోయేది?" అంది.

చీర తిన్నె మీద పెట్టి ఆయన వెళ్లిపోయాడు. మళ్లీ మా వైపు రాలేదు. నలభై ఎనిమిదిలో ఆ జిల్లాలో కూడా కల్లు బందయింది. అయినా ఊరికి తిరిగి రాలేదు, సరుగుడు తోటల్లో కూలి చేసుకుంటూ ఆ గట్టునే ఉండిపోయాడట.

నలభై తొమ్మిదిలో, నాకు ఏడో ఏడు నడుస్తుండగా, ఒక రోజు పొద్దున్నే మా మేనమామ వచ్చాడు. వాకిట్లోనే నిలబడి, బైరప్ప వాంతిభేదితో పోయాడని చెప్పి, నీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. అమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. రోజూ చేసినట్టే సంగటి కెలికింది. నాయనకు పెట్టింది, నాకు పెట్టింది. ఇంకొకరి పెళ్లాం ఆమె. ఆయనకోసం స్నానం చేయకూడదు, పస్తుండకూడదు, నలుగురి ముందు కన్నీళ్లు పెట్టకూడదు. ఏడిస్తే నాయన మొహాన ఊరు ఉమ్ముతుంది. ఆమెకు అది తెలుసు.

నాయన తినలేదు. కంచం పక్కకు జరిపి లేచాడు. "నేను ఈ పొద్దు పనికి పోను. నువ్వు కూసోని ఏడువు మే" అన్నాడు. నా చేయి పట్టుకుని బయటికి తెచ్చి, తలుపు దగ్గరగా వేసి, దానికి వీపు ఆనించి గడప మీద కూర్చున్నాడు.

పక్కింటి అంకమ్మ మజ్జిగకు వచ్చింది. "ఆమెకు జొరం, పండుకోని ఉండాది" అని పంపేశాడు. ఇంకెవరో వచ్చారు. వాళ్లకూ అదే చెప్పాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. లోపల అమ్మ నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడుస్తోంది, అయినా వినబడుతూనే ఉంది.

నాకు భయం వేసింది. "నాయనా, అమ్మ యాల ఏడస్తాండాది?" అని అడిగాను.

నాయన నన్ను ఒళ్లోకి లాక్కున్నాడు.

"ఆమె మొగుడు సచ్చిపొయ్యినాడమ్మా" అన్నాడు.