గోవాలో మా అత్త సాక పోసిన ఇల్లు

ఎవరికైనా గాలి సోకిందని అంటే, ముందు రక్తపరీక్ష చేయించండని చెప్పే మనిషిని నేను. గద్వాలలో మా వీధి ఆడవాళ్ళకు ఈ ఒక్క విషయంలో నన్ను చూస్తే మంట. నిమ్మకాయలు, తాయెత్తులు, మూడు దారులు కలిసే చోట దిష్టి పారబోయడాలు, ఇవన్నీ చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పటికీ మండుతుంది. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు మొహం చెల్లలేదు.

మాది మగ్గం ఇల్లు. మా ఆయన శ్రీను చీరలు నేస్తాడు, నేను అమ్ముతాను. ఇద్దరిలో నోరున్నది నాకే కాబట్టి, ఎక్కడ చేనేత ప్రదర్శన పెట్టినా దుకాణంలో కూర్చునేది నేనే. ఆ ఏడు గోవాలో ప్రదర్శన పడింది. మా ఆయన, నేను బయల్దేరుతుంటే మా అత్త నర్సమ్మ, నేనూ వస్తానని మొండికేసింది.

మా అత్త ఇంట్లో కాలు నిలవని మనిషి. తెల్లారితే కూరగాయల మార్కెట్లో ఉంటుంది, మధ్యాహ్నానికి ఎవరింట్లోనో పంచాయతీ తీరుస్తుంటుంది, వారానికోసారి ఆటో ఎక్కి ఇటిక్యాలలో చెల్లెలు ఎల్లమ్మ దగ్గరికి పోతుంది. ఒకసారి కోపమొచ్చి, "ఇంటి పట్టున ఒక్క దినమన్న ఉండరాదా అత్తా?" అన్నాను. "సచ్చినంక ఉంటలే పిల్లా, అప్పుడు నువ్వు పొమ్మన్నా పోను" అని నవ్వింది. మేమిద్దరం రోజూ కొట్లాడుకుంటాం. ఆమె లేకపోతే నాకు అన్నం సహించదు. ఈ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు.

ప్రదర్శనలో చివరి రోజు బేరాలు మందకొడిగా ఉన్నాయి. మా ఆయన, దుకాణం నేను చూసుకుంటా, మీరు ఊరు చూసి రండి అన్నాడు. ఒక్కరోజులో అన్నీ చూపించి సాయంత్రానికి తిరిగి దింపే చిన్న బస్సు ఎక్కాం. గైడు హుషారైన కుర్రవాడు, హిందీలో చెప్పేవాడు. నేను అత్తకు మన మాటల్లో చెప్పేదాన్ని.

పొద్దున తెల్లటి పెద్ద పెద్ద చర్చీలు చూపించాడు. పోర్చుగీసువాళ్ళు కట్టించినవట. అత్త ప్రతి చర్చి ముందు చెప్పులు విప్పి దండం పెట్టింది. తర్వాత నది, రంగురంగుల ఇళ్ళున్న సందులు. "ఇండ్లకింత రంగేసినోళ్ళు చీరెలు మాత్రం కొనరేంది?" అని అత్త అంటే బస్సులో మా వెనక కూర్చున్న కర్నూలు వాళ్ళు పడిపడి నవ్వారు. ఆ పూట ఆమె ఎంత సంతోషంగా ఉందో నాకింకా కళ్ళముందే ఉంది.

భోజనాలయ్యాక ఒక పల్లెలో పాత పోర్చుగీసు బంగళాకు తీసుకెళ్ళారు. పొడవైన హాలు, ఎర్రటి నేల, అద్దాలకు బదులు ఆల్చిప్పల పొరలు బిగించిన కిటికీలు. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ కాస్తున్నా లోపల వెలుతురు పాలలా మసగ్గా ఉంది. పెద్ద బల్ల చుట్టూ కుర్చీలున్నాయి. చివరి కుర్చీకి అడ్డంగా తాడు కట్టారు. పాతది, కూర్చుంటే విరుగుతుందని గైడు చెప్పాడు.

ఆ ఇంటి పెద్దామె గౌను వేసుకున్న ముసలమ్మ. చిన్న చిన్న గాజు గ్లాసుల్లో తలా కొంచెం వైన్ పోసి ఇచ్చింది. రుచి చూసి ఎట్లా ఉందో చెప్పాలట. నేను తాగను. మా అత్తకు ఈత కల్లు అలవాటే, మొహమాటం లేదు. గ్లాసు తీసుకుంది.

మా వైపు కల్లు తాగే ముందు రెండు చుక్కలు నేలమీద పోస్తారు. దాన్ని సాక పోయడం అంటాం. దేవతనో, పోయిన పెద్దలనో పేరు తలుచుకొని ముందు వాళ్ళకిచ్చి తర్వాత తాము తాగుతారు. అత్త ఒంగి, ఆ తాడు కట్టిన కుర్చీ పక్కన నేలమీద సాక పోసింది.

గైడు గబగబా గుడ్డ తెచ్చాడు. ముసలమ్మ అతని చెయ్యి పట్టుకొని ఆపింది. మా అత్త ఏం చేసింది, ఎందుకు చేసిందని నన్ను అడిగింది. నేను సిగ్గుతో చచ్చిపోతూ మా ఆచారం చెప్పాను. ఎవరి పేరు మీద పోసిందని మళ్ళీ అడిగింది. నేను అత్తను అడిగాను.

"ఈ ఇంట్ల ఉన్నోళ్ళకు," అంది అత్త. "మంది ఇంటికొచ్చి మనోళ్ళను పిలుస్తమా? ఈళ్ళను పిలిస్తనే మర్యాద."

ఆ మాట హిందీలో చెప్పాను. ముసలమ్మ గుండెమీద శిలువ గుర్తు వేసుకుంది. కోప్పడలేదు. మేము హాలంతా తిరిగి చూసి బయటికి నడిచాం.

అందరూ వెళ్ళి బస్సెక్కారు. నేను గడప దాటాను. అత్త దాటలేదు.

ముందు ఆమె చెప్పు తట్టుకుందేమో అనుకున్నాను. తర్వాత తిమ్మిరెక్కిందేమో అనుకున్నాను. "కాలు లేస్తలేదు పిల్లా" అంది మెల్లగా. లోపలికి రెండడుగులు వేసింది, కాళ్ళు బాగానే ఉన్నాయి. మళ్ళీ గడప దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. తలుపు బార్లా తెరిచి ఉంది. ఎదురుగా బస్సు కనబడుతోంది, కర్నూలు వాళ్ళ పిల్ల కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది.

నాకు కోపమొచ్చింది. "సాలు తియ్యి అత్తా, అందరు సూస్తుండ్రు" అన్నాను. చెయ్యి పట్టి లాగాను. గైడు వచ్చి అటువైపు చంకలో చెయ్యి వేశాడు. మా అత్త ఎండుకట్టె లాంటి మనిషి, నేనొక్కదాన్నే ఎత్తగలను. ఇద్దరం కలిసి లాగినా ఇంచు కదల్లేదు. "ఇరుగుతుంది, ఇరుగుతుంది" అని అత్త అరిచేసరికి వదిలేశాం. వెనక వంటింటి తలుపు నుంచి ప్రయత్నించాం. అక్కడా అంతే.

నేను లోపలికీ బయటికీ నాలుగైదుసార్లు తిరిగాను. నాకు ఏ అడ్డూ లేదు. గడపమీద, గాలిలో, అన్నిచోట్లా తడిమి చూశాను. ఏమీ లేదు. బస్సు హారన్ కొడుతోంది. మా అత్త నా కొంగు పట్టుకుంది. పెళ్ళై ఇన్నేళ్ళలో ఆమె నన్ను బతిమాలడం అదే మొదటిసారి. "నన్ను ఈడ ఇడిచిపెట్టి పోకు సుజాతా" అంది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడా ముసలమ్మ హిందీలో ఒక్క మాట చెప్పింది. పిలిచింది మీ అత్తే కదా, సెలవు కూడా ఆమే అడగాలి అని.

అత్త నెత్తిమీద కొంగు కప్పుకొని వెనక్కి నడిచింది. తాడు కట్టిన కుర్చీ ముందు నిలబడి ఏదో అంది. మాకు వినబడలేదు. కాసేపు తల వంచుకొని నిలబడింది, ఎదుటివాళ్ళు చెప్పేది వింటున్నట్టు తల ఊపింది. తర్వాత నేరుగా వచ్చి గడప దాటింది. ఏమీ జరగనట్టే బస్సెక్కి కూర్చుంది.

ఏమన్నావని దారంతా అడిగాను. "మల్ల వస్తనని చెప్పిన. ఎవరింటికి పోయినా గంతే గద చెప్తం?" అని కళ్ళు మూసుకుంది.

నేను దీన్నంతా నరాల బలహీనత కింద కొట్టేశాను. ఎండ, ప్రయాణం, అలవాటు లేని వైన్. మా ఆయనతో కూడా అదే చెప్పాను.

గద్వాలకు వచ్చిన కొద్దిరోజులకు అత్త మార్కెట్‌కు సంచి పట్టుకొని బయల్దేరి మా ఇంటి గడప దగ్గర ఆగిపోయింది. అచ్చం అక్కడ ఆగినట్టే. ఆ రోజు నుంచి ఆమె బయటికి పోలేదు. కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోదామని చూశాం. గడప దగ్గర ఆమె పెట్టిన కేకకు ఇరుగుపొరుగంతా పరుగెత్తుకొచ్చారు. ఇంటికి డాక్టరును పిలిపించాం. మోకాళ్ళు, నరాలు అన్నీ బాగున్నాయి, మనసులో భయం పడింది అన్నాడు. మాత్రలు రాశాడు. నేను నమ్మి క్రమం తప్పకుండా వేశాను.

మా వీధివాళ్ళు ముసలిదాని నాటకం అన్నారు. నిజం చెప్తున్నా, ఒక్కోసారి నాకూ ఆ అనుమానమే వచ్చింది. ఇటిక్యాలలో ఎల్లమ్మ చిన్నత్త పోయిన రోజుదాకా.

కబురు వచ్చేసరికి ఆటో వాకిట్లోనే ఉంది. అత్త నెత్తి బాదుకుంటూ లేచింది. గడప దాకా పరుగెత్తింది, ఆగింది. రెండు తలుపులూ పట్టుకొని ఊగింది. "మా చెల్లెను సూసొస్త, ఒక్కసారి ఇడువుండ్రి, మల్లొస్త మల్లొస్త" అని ఎవరినో కాళ్ళావేళ్ళా పడి బతిమాలింది. అక్కడ మేము తప్ప ఎవరూ లేరు. చీకటి పడే వేళకు అటునుంచి ఫోను వచ్చింది, మట్టి చేశామని. తోడబుట్టినదాని ఆఖరి చూపుకు కూడా నాటకమాడే మనిషి కాదు మా అత్త. ఆ రాత్రి నేను ఆమె పక్కనే పడుకున్నాను.

ఈ మధ్య ఒక సాయంత్రం మా ఆయన మగ్గం దిగుతూ నాతో, గోవా ప్రదర్శనకు మళ్ళీ పిలిచారు, పోదామా అన్నాడు. అత్త మా పక్కనే చాటలో జొన్నలు చెరుగుతోంది. చాట కింద పెట్టింది. లేచింది. గడప దాటింది. మెట్లు దిగి వీధిలోకి నడిచింది.

ఒక్క క్షణం సంబరపడిపోయాను. ఎన్నాళ్ళకు! అప్పుడామె వెనక్కి తిరిగింది. కళ్ళమ్మట ధారగా నీళ్ళు కారుతున్నాయి. కాళ్ళు మాత్రం బస్టాండు వైపు అడుగు మీద అడుగు వేస్తూనే ఉన్నాయి.

"పట్టుకో పిల్లా," అంది. "నన్ను జర గట్టిగ పట్టుకో."

పరుగెత్తి నడుము పట్టుకున్నాను. మా ఆయన వచ్చాడు. ఇద్దరం కలిసి ఆమెను లోపలికి తెచ్చుకోవడానికి నానా తంటాలు పడ్డాం. గడప ఇవతలికి రాగానే ఆమె నా మీద వాలిపోయి చిన్నపిల్లలా వణికింది. ప్రదర్శనకు రామని మర్నాడే చెప్పేశాం.

జబ్బయితే చెల్లెలి చావుకు లేవని కాలు గోవా పేరు చెప్పగానే ఎందుకు లేచింది? జబ్బు కాకపోతే ఇంకేమిటి? నాకు తెలియదు, తెలిసినవాళ్ళు ఎవరూ కనబడలేదు. ఆమెను గడప దాటించడానికి అన్ని పాట్లు పడ్డదాన్ని, ఇప్పుడు రోజూ లోపల గొళ్ళెం పెడుతున్నది నేనే.

దీపం ఆర్పాక అత్త అడుగుతుంది, "గొళ్ళెం పెట్టినవా పిల్లా?" అని. పెట్టిన అత్తా, అంటాను. ఇంకోసారి చూడమంటుంది. లేచి చూసి వస్తాను.