సున్న పడిన పసుపు మడి

1965 మార్చి నెల. బోధన్ దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను గుమాస్తాను. చెరుకు బండ్లు మా గోడ పక్కనుంచే పోయేవి. ఆ నెలలో పిల్లల ధ్యాస పాఠం మీద కంటే బండి వెనకనుంచి లాగే గడ మీదే ఎక్కువ. నా ధ్యాస మాత్రం మార్కుల రిజిస్టరు మీదే. దాన్ని నేను కొత్త అల్లుణ్ణి చూసుకున్నట్టు చూసుకుంటానని మాస్టర్లందరూ ఆటపట్టించేవారు. అందులో అబద్ధమేమీ లేదు.

అంతకుముందు పద్ధతి వేరుగా ఉండేది. ఎవరైనా తప్పితే ఒక పెద్దమనిషి సిఫారసు వచ్చేది, అంకె మీద బ్లేడు ఆడేది, కాగితం పలచబడేది. కొత్త హెడ్‌మాస్టరు గారు వస్తూనే బ్లేడు బంద్ చేయించారు. మార్కు మారాలంటే చదువుకునే పిల్లలే కారణం చూపి అర్జీ రాయాలి. మొదట మార్కు వేసినవారు కాక వేరే ఇద్దరు మళ్లీ పరీక్షించి, ఎవరికి వారు మార్కు వేయాలి. దీన్ని రీవాల్యుయేషన్ అనేవాళ్లం. తర్వాత పాత అంకె కనబడేటట్టే ఒక్క గీత కొట్టి, పక్కన ఎర్రసిరాతో కొత్తది వేసి, కారణం రాసి సంతకం చేయాలి. అది అటెస్టేషన్.

తొమ్మిదో తరగతికి వ్యవసాయం కూడా ఒక సబ్జెక్టు. బడి వెనక ఒక్కొక్కరికి ఒక్కో మడి ఇచ్చేవాళ్లం. యాభై మార్కులు. అందులో తప్పితే పదో తరగతికి ప్రమోషన్ లేదు. ఆ ఏడు వ్యవసాయం మాస్టరు పోస్టు ఖాళీగా ఉండడంతో, కృష్ణా డెల్టా నుంచి వచ్చిన మా సైన్స్ మాస్టారికి ఆ బాధ్యత అప్పగించారు. మంచి మనిషే, కానీ కోపం ముక్కు మీదే ఉండేది.

మార్కులు గోడకు అంటించిన మర్నాడు సుగుణ ఆఫీసుకు వచ్చింది. ముప్కాల్ దగ్గరి పసుపు రైతు కూతురు. బోధన్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటోంది. ఆమెకు వ్యవసాయంలో సున్న.

"సార్, నా పంట సూడనే లేదు. ఈ ఏడు తప్పితే సదువు బంద్ అని మా బాపు ముందే చెప్పిండు," అంది. కళ్లలో మాత్రం నీళ్లు లేవు.

అక్కడే ఉన్న సైన్స్ మాస్టారు అందుకున్నారు. "చూడకేం? అందరి మళ్లలో వంకాయలూ టమాటాలూ కళకళ్లాడుతున్నాయి. నీ మడిలో గడ్డిపోచ లేదు. పంటేదమ్మా అంటే 'కింద ఉంది సార్' అంటావా? వేళాకోళమా?"

"కిందనే ఉన్నది సార్!"

నేను కాగితమిచ్చి అర్జీ రాయమన్నాను. పసుపు వేశానని, ఆకు ఎండితే కోసేశానని, తవ్వి చూడమని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. అది చదివిన మా తెలుగు పండితుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. సొంతూరు మెండోరలో వాళ్లింటి పంటా పసుపే.

"మాస్టారూ, పసుపు తయారైతె ఆకు ఎండుతది. కోసి కొన్ని దినాలు ఇడిసిపెట్టి తవ్వుతరు. మీరు సూసింది గప్పుడే!"

సైన్స్ మాస్టారి మొహం కందగడ్డ అయింది. ఆయన వెంటనే నా వైపు తిరిగి, "పొరపాటు నాదే. నలభై వేసేయండి, నేను సంతకం పెడతాను. పాపం, పిల్ల భయపడుతోంది," అన్నారు.

నేను వేయలేదు. నాకూ జాలేసింది, కానీ తవ్వకుండా వేసిన నలభై, చూడకుండా వేసిన సున్నకు తోబుట్టువే కదా! పైగా బోధన్ నల్లరేగడిలో కాలువ నీరు నిలిస్తే దుంప కుళ్లిపోవడం మామూలే. సుగుణ నన్ను మింగేసేటట్టు చూసింది. "మీరు కూడ నమ్ముతలేరా సార్?" అంది. ఆ మాట గుచ్చుకుంది.

మర్నాడు ప్రార్థన అయ్యాక బడి బడంతా మళ్ల దగ్గరే ఉంది. హెడ్‌మాస్టరు గారు, తెలుగు పండితుడు పరీక్షకులు. పార పట్టింది మాత్రం సైన్స్ మాస్టారే, పంచె ఎగ్గట్టి మరీ. మొదటి పోటుకు మట్టి తప్ప ఏమీ రాలేదు. సుగుణ ఓణీ కొస నోట్లో కుక్కుకుంది.

"గట్ల కాదు సార్, పక్కకెళ్లి ఎత్తుండ్రి!" అని పండితుడు అరిచాడు.

రెండో పోటుకు గుప్పెడు కొమ్ములతో దుంప బయటికి వచ్చింది. విరిచి చూస్తే లోపల పచ్చగా, పసుపు వాసన గుప్పుమంది. పిల్లలు ఈలలు వేశారు. ఆ ఈలలు ఆపాల్సిన హెడ్‌మాస్టరు గారే చప్పట్లు కొడుతున్నారు. మడి అంతా తవ్వేసరికి సైన్స్ మాస్టారి పంచె కూడా పసుపు రంగుకు తిరిగింది. ఆయన సుగుణతో, "తప్పు నాదమ్మా. నువ్వు నిజమే చెప్పావు," అని అందరి ముందే అన్నారు.

పరీక్షకులిద్దరూ విడివిడిగా మార్కులు వేశారు. ఒకరు నలభై నాలుగు, ఒకరు నలభై ఆరు. సగటున నలభై అయిదు. సున్న మీద గీత కొట్టి, ఎర్రసిరాతో కొత్త మార్కు రాశాను. కారణం గడిలో ఏం రాయాలని ఆలోచిస్తుంటే సైన్స్ మాస్టారు కలం లాక్కుని తానే రాశారు: "పరీక్షించినవారికి పంట తెలియదు."

నియమం అంటే తప్పు చేసినవాణ్ణి పట్టుకోవడానికే అనుకునేవాణ్ణి అప్పటిదాకా. తప్పు చేసిన మంచివాడు తలెత్తుకుని దిద్దుకోవడానికి కూడా అదే దారి అని ఆ రోజు తెలిసింది. ముందురోజు జాలిపడి నలభై వేసి ఉంటే, ఏడ్చి మార్కులు తెచ్చుకుందన్న మాట సుగుణ వెంట జీవితాంతం నడిచేది.

సాయంత్రం సుగుణ వచ్చి రిజిస్టరులోకి తొంగిచూసింది.

"గీ సున్న గిట్లనే ఉంటదా సార్? తుడువరా?"

"తుడువను బిడ్డా. గా సున్న నీది కాదు, మాది."

ఆ గీత వైపు చూసి, పకపకా నవ్వింది.