బావ ఇచ్చిన సీసా

పదేళ్లు దాటింది. ఈ మాట గొంతు దాకా వచ్చి, అక్కడే ఆగి, మళ్లీ లోపలికి వెళ్లిపోవడం నాకు అలవాటైపోయింది. కొందరికి పాత దెబ్బ చలికాలంలో సలుపుతుంది. నాది ఎవరైనా నన్ను మెచ్చుకున్నప్పుడు సలుపుతుంది. "సిగరెట్ బందు పెట్టిండు, రోజు నడుస్తడు, ఆయన్ని చూసి నేర్చుకోండ్రి" అని పొద్దున గ్రౌండులో ఎవరో ఒకరు కుర్రవాళ్లకు నన్ను చూపిస్తారు. నేను తల దించుకుని అడుగుల వేగం పెంచుతాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేర్లు రాయను. మా బావ చావులో నా తప్పు ఉంది. అంత పెద్ద మాట అవసరమా అని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. అవసరమే.

బావ అంటే మా అక్క భర్త. ఇద్దరం గోదావరిఖనిలో ఒకే బాయిలో పనిచేశాం. బొగ్గు గనిని మేం బాయి అంటాం. ఆయన ఏ షిఫ్టు ఉన్నా నడక మానేవాడు కాదు. బీడీ ముట్టడు, మందు ముట్టడు. టిఫిన్ డబ్బాలో జొన్నరొట్టె, ఆకుకూర. తోటివాళ్లు ఆయన్ని "డాక్టరు సాబ్" అని ఏడిపించేవారు. నేను దానికి పూర్తిగా ఎదురు. బాయి లోపల నిప్పు నిషేధం కాబట్టి షిఫ్టంతా ఓర్చుకునేవాణ్ని. పైకొచ్చి తలదీపం అప్పగించగానే ఒకదాని వెనుక ఒకటి సిగరెట్లు కాల్చేవాణ్ని. పొట్ట పెరిగింది. బీపీ వచ్చింది, షుగర్ వచ్చింది. మాత్రలు వేసుకుంటే కిడ్నీలు ఖరాబవుతాయని ఎవరో అంటే, నాకు కావలసిన మాట దొరికినట్టు నమ్మేసి వాటిని పక్కన పడేశాను.

బాయి దిగేవాళ్లకు కొన్నేళ్లకోసారి కంపెనీ దవాఖానలో పరీక్షలు ఉంటాయి. ఆ రోజుల్లో మాకు ముందు మూత్రం చూసేవారు. అందులో తేడా ఉంటేనే మిగతావి. మళ్లీ షుగర్ కనిపిస్తే పైన తేలిక పనికి పంపుతామని అంతకు ముందుసారే నాకు చెప్పారు. అప్పుడే నాకు పై పోస్టు రావలసి ఉంది. లోపల పనిచేసే మనిషికే ఆ పోస్టు.

మాలో కొందరికి ఒక పద్ధతి ఉండేది. చెప్పుకోవడానికి సిగ్గుపడవలసిన పద్ధతి. ఒంట్లో షుగర్ ఉన్నవాడు పరీక్ష రోజు ఏ అలవాటూ లేని మనిషిని వెంట తీసుకుపోయేవాడు. బాత్రూములో సీసా చేతులు మారేది. బయట కూర్చున్న ల్యాబు మనిషికి ఆ సంగతి తెలిసే వీలు లేదు. ఇక నాకు వెతుక్కోవలసిన పని లేదు. అలాంటి మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. ఆయన వంతు పరీక్ష అంతకు ముందు ఏడే అయిపోయింది.

"దాచిపెడితే తగ్గుతదారా అది?" అన్నాడు బావ.

"ఈ ఒక్కసారి బావ. పోస్టు వచ్చినంక అన్నీ బందు పెడ్త."

"నువ్వు చెప్పే మాట నీకైన నమ్మబుద్ధైతదా?"

"అక్క మీద ఒట్టు."

"మీ అక్క మీదెందుకురా, ఆమెకు షుగర్ లేదు గద." నవ్వాడు. "సరే, ఇస్త. కని రేపటి సంది నాతోటి గ్రౌండుకు రావాలె. రాకుంటే ఇంకోపాలి అడగొద్దు."

వస్తానన్నాను. ఆయన సీసా చేతికిచ్చాడు. వెచ్చగా ఉంది.

కొన్ని రోజులకు డాక్టరు నన్ను పిలిపించాడు. షుగర్ లేదు. కానీ మూత్రంలో రక్తకణాలు ఉన్నాయన్నాడు. కంటికి కనిపించనంత కొద్దిగా. నా పొట్ట చూశాడు, వేళ్ల మధ్య సిగరెట్ మరక చూశాడు. "నీలాంటివాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు" అని స్కానింగ్ రాశాడు. నా స్కానింగ్‌లో ఏమీ లేదు. మళ్లీ సీసా ఇమ్మన్నారు. ఈసారి నాదే ఇచ్చాను. అప్పటికి తిండి తగ్గించి, భయంతో మాత్రలు మింగి ఉన్నాను. అందులో షుగరూ లేదు, రక్తమూ లేదు. "చిన్న రాయేదో పడిపోయి ఉంటుంది" అన్నాడు డాక్టరు.

ఆ గదిలో, ఆ కుర్చీలో, అది ఎవరి రక్తమో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

"సార్, ఆ సీసా నాది కాదు." ఇంతే కదా అనవలసింది? ఎందుకు అనలేకపోయాను? పోస్టు పోతుందని, ఇద్దరికీ శిక్ష పడుతుందని, నలుగురిలో పరువు పోతుందని. అన్నీ నిజమే. పోనీ, డాక్టరుకు చెప్పలేకపోతే బావకైనా చెప్పవచ్చు కదా? చెబితే ఆయన దవాఖానకు పోతాడు. ఎందుకొచ్చావని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు. ఆయనకు అబద్ధం ఆడటం రాదు. నేను భయపడింది ఆయన మంచితనానికే అని ఇప్పుడు ఒప్పుకోవలసి వస్తోంది. రాయే అయి ఉంటుంది, ఎండల్లో బాయి దిగేవాళ్లకు రాళ్లు మామూలే, అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పూర్తిగా ఊరుకోలేదు కూడా. ఒకరోజు నడుస్తూ అన్నాను: "బావ, నీళ్లు మస్తు తాగు. చెమటకు రాళ్లొస్తయట."

"షుగర్ నీకు, సలహా నాకా?" అన్నాడు. కానీ మరుసటి రోజు నుంచి డ్యూటీకి పెద్ద నీళ్ల సీసా తీసుకురావడం చూశాను. నా బాధ్యత తీరిందనుకున్నాను. పోస్టు వచ్చింది. గ్రౌండుకు పోవడం మానేశాను.

ఏడాది దాటాక బావకు నడుం పక్కన నొప్పి మొదలైంది. తరువాత మూత్రం ఎర్రగా వచ్చి ఆగలేదు. కరీంనగర్‌లో స్కానింగ్ చేసి హైదరాబాద్ పొమ్మన్నారు. కిడ్నీలో క్యాన్సర్. అప్పటికే ఊపిరితిత్తులకు పాకింది. "ఇంతకుముందు మూత్ర పరీక్షలో ఏమైనా కనిపించిందా?" అని అక్కడి డాక్టరు అడిగాడు. "ఏం లేదు సార్. ఆయనకు ఏ అలవాటు లేదు" అంది అక్క. నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను.

తరువాత వరండాలో ఆ డాక్టరు వెంటపడి అడిగాను, ఏ అలవాటూ లేనివాడికి ఇది ఎలా వచ్చిందని. పొగ, ఊబకాయం, బీపీ ఈ జబ్బు వచ్చే ప్రమాదాన్ని పెంచుతాయని, మంచి అలవాట్లు ఆ ప్రమాదాన్ని తగ్గిస్తాయని, కానీ పూర్తిగా లేకుండా చేయలేవని చెప్పాడు. "అందుకే మూత్రంలో రక్తం కనిపిస్తే ఎవరైనా సరే చూపించుకోవాలి. గడ్డ కిడ్నీ దాటకముందే దొరికితే చాలామందిని కాపాడగలం" అన్నాడు. ఆయన చెప్పిన మూడూ నాలో ఉన్నాయి. స్కానింగ్ బాగున్నది కూడా నాదే.

బావ వానలు పడకముందే పోయాడు. ఆయన ఉద్యోగం కొడుక్కి, అంటే నా మేనల్లుడికి వచ్చింది.

ఇక్కడితో ఆగితే నా తప్పు సగమే చెప్పినట్టు. ఆ తరువాత నేను చేసినది ఇంకా నీచమైనది. చౌరస్తాలో టీ హోటల్ దగ్గర సిగరెట్ ముట్టించి అనేవాణ్ని: "మా బావ ఏం తాగిండు, ఏం కాల్చిండు? రోజు నడిచిండు. ఏమైంది? రాసిపెట్టి ఉంటే వస్తది." అందరూ తల ఊపేవారు. అలా ఎందుకు అనేవాణ్ని? తప్పు నడకదైతే నాది కాకుండా పోతుంది. చనిపోయిన మనిషి మంచి అలవాట్లను నా అబద్ధానికి సాక్ష్యంగా నిలబెట్టాను. కొన్నేళ్ల తరువాత ఛాతీలో నొప్పి వచ్చి, భయపడి, నేను మాత్రం అన్నీ మానేశాను. మంచివాణ్నయి కాదు. చావంటే భయమై. కానీ ఆ మాట అప్పటికే జనంలోకి పోయింది.

పోయిన నెల మధ్యాహ్నం మేనల్లుడు మా ఇంటికి వచ్చాడు. చొక్కా జేబులో ఖాళీ సీసా.

"మామ, వచ్చే వారం నా మెడికల్ ఉంది. షుగర్ తేడా కొడ్తది. నువ్వు రోజు నడుస్తవు, నీది క్లీన్ ఉంటది. జర రావాలె."

"ముందు ఆ సిగరెట్ మానరాదురా?"

"మా నాయిన ఏం కాల్చిండు మామ? నువ్వే అంటుంటివి గద."

గొంతు అచ్చం బావదే. ఊరి పక్క ఓపెన్ కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయి కిటికీలు అదిరాయి. అవి సద్దుమణిగే దాకా ఆగి, మీకు చెప్పినదంతా వాడికి చెప్పాను. వాడు సీసా గోడ మీద పెట్టాడు. "అమ్మకు నువ్వే చెప్పు. నాతోటి కాదు" అని బండి తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే పోయాను. అక్క మెంతికూర తెంపుతోంది. నేను చెప్పినంతసేపూ ఆమె చేతులు ఆగలేదు. చివరికి, నా వైపు చూడకుండా అంది:

"ఆయనకు ఒకపాలి ముందే ఎర్రగ వచ్చింది తమ్మీ. నీకు తెల్వదు."

"ఎప్పుడక్కా?"

"పోయే ముంగటేడు, ఎండకాలం. దవాఖానకు పోదామన్న. 'మీ తమ్ముడు చెప్పిండు, రాళ్లయితయట, నీళ్లు తాగుత' అన్నడు. తాగిండు. తెల్లగైంది. 'చూసినవా, వాడు చెప్పింది నిజమే' అని సంబురపడ్డడు."

తెంపిన ఆకు గిన్నెలోకి ఎత్తుకుని లోపలికి వెళ్లింది. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు. కాసేపు కూర్చుని వచ్చేశాను. నేను నోరు విప్పలేదన్నదే ఇన్నాళ్లూ నా తప్పు అనుకున్నాను. చెప్పిన ఒక్క సగం మాట కూడా ఆయన్ని దవాఖానకు పోకుండా ఆపిందని ఆ రోజు తెలిసింది.

ముందే తెలిస్తే బావ బతికేవాడా? తెలియదు. ఆ తెలియకపోవడం నా వల్లే. అక్క ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. మాట్లాడమని అడిగే హక్కు నాకు లేదు. అయినా, దాచవలసినదేమీ మిగలని ఛాతీతో ఊపిరి పీల్చడం ఎలా ఉంటుందో మరిచిపోయాను. అది తిరిగి వచ్చింది. అబద్ధం చెప్పను.

మేనల్లుడు పరీక్షకు తన సీసాయే ఇచ్చాడట. షుగర్ బయటపడింది, మాత్రలు రాశారు. వారం నుంచి పొద్దున గ్రౌండుకు వస్తున్నాడు. నన్ను పలకరించడు. నాకంటే ముందు నడుస్తాడు, తండ్రిలాగే చేతులు బాగా ఊపుతూ. నేను వాణ్ని దాటి ముందుకు పోను.