అవ్వ పడుకుని చూసి కొన్న బండి

మా చిన్నప్పుడు... గూడూరులో పాత బండ్లు అమ్మే ఒక షెడ్డులో, అంతమంది మగవాళ్ళు చూస్తుండగా, మా అవ్వ ఒక చిన్న ట్రక్కు తొట్టిలోకి ఎక్కి వెల్లకిలా పడుకుంది. పక్కనే ఉన్న నాకు సిగ్గుతో చచ్చినంత పనయింది. కాసేపటికి ఆ సిగ్గు పోయి భయం పట్టుకుంది...

మాది గూడూరుకు తూర్పున, సముద్రం ఒడ్డు పల్లె. నాయన ఒడ్డున చేపలు కొని, గంపల్లో ఐసు వేసి, ఎద్దుల బండిలో గూడూరు స్టేషనుకు చేర్చేవాడు. అరవైల మొదట్లో మా వైపు దారంటే ఇసుక... ఇసుక దాటితే గుంతలు. ఎండాకాలం చేపలు దారిలోనే పాడైపోయేవి. పాతదైనా సరే, చవగ్గా ఒక చిన్న ట్రక్కు దొరికితే చాలని నాయన కోరిక.

అప్పుడు అమ్మ కడుపుతో ఉంది. నెలలు నిండుతున్నాయి. అంతకుముందు కాన్పుకు అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆ ఎద్దుల బండిలోనే. నేనూ ఎక్కాను. చక్రం ఇసుకలో దిగబడ్డప్పుడల్లా అమ్మ అరిచేది. కొంతదూరం పోయాక ఆ అరుపు ఆగిపోయింది. అవ్వ చెంపలు తట్టి పిలిచినా పలకలేదు. అమ్మ ఎలాగో బతికింది... కడుపులో బిడ్డ బతకలేదు.

ఆ తర్వాత అమ్మ కాసేపు మాట్లాడకుండా కూర్చున్నా ఊరికే "అమ్మా" అని పిలిచేదాన్ని. "ఏంది మే, ఊరికే పిలస్తావు?" అని విసుక్కుంటే గానీ ఊపిరి ఆడేది కాదు.

ఇక షెడ్డు సంగతి. బండి చూడ్డానికి పోతుంటే నాయన వాళ్ళమ్మ, అదే మా అవ్వ, తనూ వస్తానని బయల్దేరింది. ఆమె కొంగు పట్టుకుని నేను. నాయన మనసు ఒక పచ్చరంగు ట్రక్కు మీద పడింది. చక్రాల మీద బరువు మోసే కమాన్లు గట్టివి, ఎంత లోడైనా మోస్తుందని షెడ్డు మేస్త్రి చెప్పాడు. నాయన పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా దాని చుట్టూ తిరిగి, హారను కొట్టి చూసుకుని మురిసిపోయాడు. అప్పుడే అవ్వ వెనక పలక దించమని, ఎక్కి పడుకుంది.

"ఇప్పుడు తోలు అబ్బయా. గుంతల్లోనే తోలు" అంది మేస్త్రితో.

మేస్త్రి నాయన వైపు చూశాడు. నాయన నేలవైపు చూశాడు. అవ్వ నన్నూ ఎక్కమంది.

రైలుకట్ట పక్క దారిలో ఆ బండి మమ్మల్ని గంపలో చేపల్లా ఎగరేసింది. అవ్వ తల పలకకు కొట్టుకుంది. దిగి, నడుం పట్టుకుని, "చేపలకు బాగుంటాదిరా. మనిషికి పనికిరాదు" అంది నాయనతో.

మనిషి అంటే ఎవరో నాకు అప్పుడు తెలిసింది. పెద్దవాళ్ళు ధైర్యంగా ఉన్నారనే కదా నేను అన్నం తిని నిద్రపోతున్నది... అవ్వకూ భయమే అన్నమాట!

మూలన ఇంకొకటి ఉంది. రంగు వెలిసిపోయి, తలుపుకు తాడు కట్టి ఉంది. అవ్వ దాని వైపు నడిచేసరికి మేస్త్రి అడ్డం వచ్చాడు.

"అది వద్దు అవ్వా. కమాన్లు అరిగి మెత్తబడినాయి. లోడెక్కువైతే కూలబడతాది. అందుకే చవగ్గా ఇచ్చేస్తా ఉండాం."

అవ్వ అందులోనూ పడుకుంది. అవే గుంతలు... ఈసారి బండి ఊగింది గానీ ఎగరలేదు.

"ఇదే" అంది, లేవకుండానే.

"దీంట్లో ఎన్ని గంపలు పడతాయి మా? యాపారం ఏం కావాల?" అన్నాడు నాయన.

"తక్కువే ఏసుకో. ఆ పొద్దు నువ్వు ముందర కూర్చొని ఎద్దుల్ని తోలినావు. ఎనక కూర్చున్నది నేను. ఆ కోడలు పిల్ల చెయ్యి నా చేతిలోనే చల్లబడింది."

నాయన ఆ బండే కొన్నాడు. తోలడం నేర్చుకున్నాడు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. నాయన హ్యాండిలు వేసి తిప్పితే ఇంజను దగ్గి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు... మళ్ళీ ఆగింది. చివరికి అందుకుంది. తొట్టిలో వరిగడ్డి, దాని మీద బొంత, బొంత మీద అమ్మ. చక్రాల కింద తాటాకులు పరిచి, ఊరివాళ్ళందరూ ఇసుక దాటేదాకా తోశారు.

అమ్మ మూలుగుతూనే ఉంది. ఆ మూలుగు వినబడినంతసేపూ నాకు ధైర్యం. గూడూరుకు ముందొచ్చే చిల్లకూరు దాటాక అది ఆగిపోయింది.

అమ్మ మొహం చూడలేకపోయాను. అవ్వ చెయ్యి పట్టుకుని గుంజాను. అవ్వ వంగి చూసింది. అమ్మ మొహాన ఎండ పడకుండా కొంగు అడ్డం పట్టింది.

"అరవబాక మే. నిద్రపోతా ఉండాది" అంది మెల్లిగా.

నొప్పికీ నొప్పికీ మధ్య అమ్మకు కునుకు పట్టింది, ఆ బండిలో. నేను నమ్మలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. వెచ్చగా ఊపిరి తగిలింది. అప్పుడు ఏడ్చాను, ఆపుకోలేనంతగా.

పొద్దు వాలకముందే ఆసుపత్రిలో తమ్ముడు పుట్టాడు.

ఇప్పుడు మా పల్లెకు తారురోడ్డు ఉంది. ఫోను చేస్తే ఇంటి ముందుకే అంబులెన్సు. మా మనవరాళ్ళు నవ్వుతూ ఫోటోలు దిగి మరీ కాన్పుకు వెళ్తున్నారు. మంచిదే... ఆ భయం వాళ్ళకు తెలియకపోవడమే నాకు కావలసింది.

తమ్ముడు తాతయ్యాడు. వాడి పేరు ఇప్పుడు వాడి మనవడికీ ఉంది. వాడి కంటే ముందు, ఈ బండి లేక కడుపులోనే పోయినవాడికి మాత్రం మేము పేరే పెట్టలేదు.

మీ ఇళ్ళల్లోనూ అలా పోయిన బిడ్డలు ఉండే ఉంటారు. మీ అమ్మల్ని అడిగి వాళ్ళ గురించి ఇక్కడ, ఈ కథ కింద రాయండి... పేరు లేకపోయినా సరే.