ఒకటి రెండు చోట్ల వాన

మార్చి చివర్లో నా ఫోన్‌కి వచ్చే వాతావరణం మెసేజీ ఏటా ఒకేలా ఉంటుంది. ఉత్తరాదిన పెద్ద కొండల మీద మంచు కురుస్తుందట, కింద మైదానాల్లో వానలట, మన ఏజెన్సీలో మాత్రం ఒకటి రెండు చోట్ల తేలికపాటి జల్లులట. ఆ ఒకటి రెండు చోట్ల అన్న మాట చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఏ చోట్లో చెప్పరు. అరకులో పడ్డా వాళ్ళ మాట నిజమే, సీలేరులో పడ్డా నిజమే, మనిషి మొహం చూడని అడవిలో నాలుగు చినుకులు రాలినా నిజమే. అలాంటి ఉద్యోగం నాకూ ఒకటి ఇప్పిస్తే హాయిగా ఉండేదాన్ని.

నేను మా ఊళ్ళోనే అంగన్‌వాడీ టీచర్ని. సిగ్నల్ అందేది ఊరి పైనున్న బండ మీద ఒక్కటే. పొద్దున్నే బండెక్కి మెసేజీ చూసుకుని, దిగొచ్చి అందరికీ చదివి వినిపించడం నా నెత్తిన పడింది. విన్నవాళ్ళు విని, నేరుగా మా అయ్య దగ్గరికి పోయేవారు. మా అయ్య దిసారి. చుక్కలు చూసి పండగ రోజులు పెట్టడం, విత్తనానికి మంచి రోజు చెప్పడం, వాన ఎప్పుడొస్తుందో చెప్పడం ఆయన పని. ఆయన లెక్క తప్పితే ఊరు మర్చిపోయేది. ఫోన్ తప్పితే నన్ను ఏడిపించుకు తినేవారు.

మార్చి వాన మాకు మంచీ చేస్తుంది, చెడ్డా చేస్తుంది. కాఫీ చెట్ల మీద మొగ్గలు ఒక మంచి వాన కోసం బిగబట్టుకుని ఉంటాయి. పడితే తోటంతా తెల్లగా పూస్తుంది, పడకపోతే మొగ్గ మాడిపోతుంది. అదే వాన కళ్ళంలో ఆరుతున్న పండు మీద పడితే బూజు పట్టి పనికి రాకుండా పోతుంది. మా ఊళ్ళో అందరూ పండు కోసిన రోజునే పచ్చిగా అమ్మేస్తారు కాబట్టి, ఆ నెలలో ఊరంతా వాన రావాలనే కోరుకుంటుంది.

ఆ ఏడు మా వదిన ఒక్కతే వద్దని కోరుకుంది. మా అన్న పోయాక తోట ఆడమనిషి చేతిలో నిలవదని మా చిన్నాన్న కొడుకు గొడవ పెట్టాడు. పెద్దలు కూర్చుని, ఈ ఒక్క పంట ఆవిడే చెయ్యనీ, బాగా తీస్తే తోట ఆవిడదే, చెడగొడితే అతనిది అని తేల్చారు. బాగా తియ్యడమంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు. మా వదిన మొండిది. అందరిలా పచ్చిగా అమ్మకుండా, తొక్కతోనే ఎండబెట్టి చూపిస్తానంది. తోట ఎత్తున ఉండడంతో పండు ఆలస్యంగా వచ్చింది. చివరి కోత కళ్ళంలో ఇంకా పచ్చి ఆరకముందే మా వేట పండగ, ఇటుకల పండగ వచ్చిపడింది.

పండగ రోజుల్లో మా దగ్గర భూమిని కదపకూడదు, పంటని ముట్టకూడదు. మగవాళ్ళు వేటకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా దుంగ వేసి, లంబసింగి చూసి ఇటు తిరిగొచ్చే కార్లని ఆపి, పాట పాడి పండగ మామూలు అడుగుతారు. కట్టుబాటు మీరినవాళ్ళు గుడి దగ్గర ఒక కోడి తప్పు కట్టాలి. పండగ చాటింపు వేసిన రోజున నేను మెసేజీ చదివాను, జల్లులున్నాయని. మా అయ్య అందరి ముందూ కొట్టిపారేశాడు. పండగ అయ్యేదాకా వాన లేదన్నాడు. ఊరు ఉసూరుమంది. మా వదిన మాత్రం ఊపిరి పీల్చుకుని, పండు పరిచినచోటే వదిలేసింది. తడి పండు సంచుల్లో కట్టినా బూజే మరి.

రెండో రోజు తెల్లారుతుండగా నేను వాకిలి ఊడుస్తున్నాను. అయ్య గుమ్మంలో నిలబడి చాలాసేపు తూర్పు కొండ వైపు చూశాడు. గాలి మారింది, చీమలు గోడెక్కుతున్నాయి.

"ఇయాల కురుస్తాది," అన్నాడు, నాకు మాత్రమే వినబడేలా.

మరి వదినకి చెప్పనా అని అడిగితే, పండగ పెట్టినవాణ్ణి నేనే కదా అని గుడి వైపు వెళ్ళిపోయాడు. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. నేను చీపురు అక్కడే పడేసి వెళ్ళి చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను?

మా వదిన ఏడవలేదు, తిట్టలేదు. గంప కింద ఉన్న పెట్టని పట్టుకుని, చంకన పెట్టుకుని గుడి దగ్గరికి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను. వేటకి పోలేని ముసలాళ్ళందరూ అక్కడే ఉన్నారు. కోడిని మా అయ్య ముందు పెట్టి, ఇదిగో మామా తప్పు, ఇప్పుడెళ్ళి నా పండు ఎత్తుకుంటాను అంది. ముసలాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. తప్పు చేశాక కోడి తెచ్చినవాళ్ళని చూశారు గానీ, కోడి ముందు తెచ్చి తప్పుకి బయల్దేరిన మనిషిని ఎవరు చూశారు గనక?

మా అయ్య గొంతు సవరించుకుని, తప్పు చెయ్యకముందు తప్పు తీసుకునే ఆచారం లేదన్నాడు.

"అయితే సేసొత్తాను," అని, కోడిని అక్కడే గుంజకి కట్టేసి వెళ్ళిపోయింది.

కళ్ళంలో నేను సాయం పట్టబోతే తోసేసింది. నువ్వు ముట్టకు, నీకు కోడి లేదు అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కింద కర్రలు పేర్చి, పండంతా ఒక్కతే వాటి మీద కుప్పచేసి, పైన టార్పాలిన్ కప్పింది. రోడ్డు మీద ఆడవాళ్ళు పాట ఆపేసి చూశారు. మబ్బు మా కొండ మీదికి వచ్చింది, ఆగింది, ఉరిమింది. తర్వాత మెల్లగా లోయలోకి దిగిపోయింది. కింద ఊళ్ళ మీద వాన తెల్లగా పడుతూంటే పైనుంచి చూస్తూ నిలబడ్డాం. మాకు ఒక్క చినుకు లేదు. ఎండ మళ్ళీ వచ్చింది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

అనుకున్నంతా అయింది. వేట నుంచి మగవాళ్ళు తిరిగొచ్చారు, పండగ ముగిసింది, పంచాయితీ కూర్చుంది. మా చిన్నాన్న కొడుకు లేచి, గుమ్మం దాకా వచ్చిన వాన ఈవిడ పంట ముట్టడం వల్లే తిరిగి పోయింది, ఊరందరి మొగ్గా మాడుతోంది, దీనికి కోడి చాలదు, తోట ఇప్పించండి అన్నాడు. చాలామంది తలలూపారు. వాళ్ళ మొగ్గలు కూడా మాడుతున్నాయి మరి, వాళ్ళని అనడానికేం లేదు. మా వదిన నేల చూస్తూ కూర్చుంది. అందరికంటే పెద్దాయన మా అయ్య వైపు తిరిగి, దిసారీ, ఆ పొద్దున్న ఆకాశంలో నీకు వాన కనబడిందా లేదా, అది చెప్పు చాలు అన్నాడు.

మా అయ్య వాన మీద అబద్ధం ఆడగా నేనెప్పుడూ వినలేదు. తప్పడం వేరు, ఆడడం వేరు.

"కనబళ్ళేదు. పండగయ్యేదాకా వాన లేదని నాను ముందే సెప్పాను. లేని వానని అదెలా తోలేత్తాది?"

 వదినది తప్పంటే దిసారి మాట తప్పవుతుంది, దిసారి మాట నిజమంటే వదినది ఒక్క కోడి తప్పే. కోడిని కోసుకు తిన్నారు. పండు బాగా ఎండింది, తోట ఆవిడకే నిలిచింది. తర్వాత ఆలస్యంగానే అయినా ఒక వాన పడింది, తోటలు సగం సగం పూశాయి.

ఇంటికొస్తూ దారిలో అయ్య నాతో ఒకే మాట అన్నాడు, ఇక మీదట వాన సంగతి నన్ను అడగొద్దని ఊరికి చెప్పమని. చెప్పాను. వయసు మీద పడిందనుకున్నారు. పండగ రోజులు ఇప్పటికీ ఆయనే పెడతాడు, విత్తనానికి రోజు ఆయనే చెబుతాడు. వాన మాటెత్తితే లోపలికి పోతాడు. నాకు కోపం వచ్చేది. ఎవరి మీదో తెలిసేది కాదు.

మరుసటి ఏడు మా వదిన కళ్ళంలో పండు పరిచి, అలవాటు కొద్దీ అడిగేసింది, మామా ఇయాల వాన వత్తాదేటి అని. ఆయన ఆకాశం చూశాడు. గాలి చూశాడు. జవాబు ఆయన మొహంలో నాక్కూడా కనబడింది, ఆవిడకి కనబడదా?

"నాకు తెల్దమ్మా," అన్నాడు.

ఆవిడ టార్పాలిన్ తెచ్చుకోవడానికి లేచింది.