పద్నాలుగో నెంబరు టోపీ

2024 నవంబరు 17, ఆదివారం, ఉదయం ఆరు గంటల పదిహేడు నిమిషాలు. బాల్కనీ గోడకు తగిలించిన ఉష్ణమాపకంలో పదిహేడు డిగ్రీలు. గాలి లేదు, సాగర్ రోడ్డు మీద వచ్చే బస్సుల దీపాలు తప్ప బస్సులు కనిపించనంత మంచు. తుర్కయాంజాల్‌లోని ఈ అపార్టుమెంటు మూడో అంతస్తులో ఈ సంగతులన్నీ డైరీలో రాసుకున్న తరువాతే నేను టీ ముట్టుకుంటాను. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఇబ్రహీంపట్నంలో బస్సు డిపో టైం కీపరుగా పనిచేసి, ఏ బస్సు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు గేటు దాటిందో రాయడమే వృత్తిగా బతికినవాడికి ఇంతకంటే వేరే వ్యసనం అలవడే అవకాశం లేదు. ఈ ఉదయం టీతో పాటు మా కోడలు ఒక కాగితం కూడా తెచ్చింది. వాళ్ల ఆఫీసువాళ్లు వచ్చే నెలలో మూత్రపిండాల జబ్బుతో బాధపడేవారి సహాయార్థం ఇబ్రహీంపట్నం పెద్దచెరువులో ఈత పెడుతున్నారట, తానూ ఈదుతుందట.

"మామా, టైం రాసే పని మీరే చెయ్యాలె. మీ అంత పక్కాగ ఎవలు రాస్తరు?" అంది.

కళ్లు సరిగా కనిపించడం లేదమ్మా అన్నాను. అది అబద్ధం. కిందటి నెల పరీక్షలో రెండు కళ్లకూ ఆరుకు ఆరు వచ్చింది. ఆ చీటీ డైరీలోనే ఉంది. అబద్ధం ఆడవలసి వచ్చిన కారణం మాత్రం ఇరవై నాలుగేళ్ల కిందటి డైరీలో ఉంది. అదీ పూర్తిగా లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

2000 సంవత్సరం నవంబరు 19. అదీ ఆదివారమే. నా వయసు అప్పుడు నలభై నాలుగు. నగరం మా వైపు కాళ్లు చాపడం మొదలుపెట్టిన రోజులవి. మన్నెగూడ దగ్గర జొన్న చేలల్లో సున్నం పూసిన హద్దురాళ్లు వరసలుగా లేచాయి. ఒక ఉదయం బస్సు కిటికీలోంచి నేను రెండు వందల పద్నాలుగు దాకా లెక్కపెట్టి, డ్రైవరు వేగం పెంచడంతో మానుకున్నాను. కంప్యూటరు కంపెనీలలో పనిచేసే యువతీయువకులు సెలవు రోజుల్లో కార్లేసుకుని మా చెరువు కట్ట మీదికి వచ్చి, నీళ్లను చూసి ఆశ్చర్యపోయి, కట్ట మీదే అన్నాలు తిని వెళ్లేవారు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. వచ్చినవారిలో ఒక కంపెనీవారికి ఒక మంచి ఆలోచన కలిగింది. చెరువును ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదేవారు ఎందరుంటే, నడవలేనివారికి అన్ని మూడు చక్రాల సైకిళ్లు, చేత్తో తొక్కేవి, ఉచితంగా ఇస్తామన్నారు. ఈదే ప్రతి మనిషికీ ఒక నెంబరు, ఆ నెంబరుకు ఎదురుగా నడవలేని ఒక మనిషి పేరు. ఎర్ర రబ్బరు టోపీ మీద ఆ నెంబరు. నువ్వు దాటితే ఆ మనిషికి బండి వస్తుంది, దాటకపోతే రాదు. ఇంత సూటిగా ఉన్న లెక్క నాకు ఎంతో నచ్చింది.

నియమాలు రెండు. ఎనిమిది వందల మీటర్లను నలభై నిమిషాలలో దాటాలి. దారిలో పడవనుగాని మరొక మనిషినిగాని పట్టుకున్నవారు లెక్కలోకి రారు. సమయం చూసే పెద్దమనిషి కావాలని డిపోకు వస్తే మా మేనేజరు నన్ను చూపించాడు. నేనూ ఈదుతానని చెప్పాను. ఏడింటికి ఈల వేసి అందరితో పాటు నీళ్లలో దిగుతాను, ఆవలి ఒడ్డున కంపెనీ మేడం రాస్తూ ఉంటుంది, నేను చేరగానే రిజిస్టరు నా చేతికి వస్తుంది, ఇదీ ఏర్పాటు. ఊరి బావుల్లో పన్నెండేళ్లకే ఈత నేర్చినవాడినన్న ధీమా తప్ప, ఆఖరిసారి నీళ్లలో దిగి పంతొమ్మిదేళ్లయిందన్న లెక్క ఆ రోజు నాకు గుర్తుకు రాకపోవడం విచిత్రమే. నాకు వచ్చింది పద్నాలుగో నెంబరు. దాని ఎదుట కందుకూరు నుంచి ఒక కమ్మరి పెద్దాయన పేరు, ఎడమ కాలు మోకాలి కింద లేదు.

ఇరవై మూడో నెంబరు నాకు వరసకు తమ్ముడయ్యే అతనిది. చెరువులో చేపలు పట్టే ఇల్లు వాళ్లది. కులం వేరైనా ఊరి వరసలో వాళ్ల నాయన నాకు బాబాయి. అతని నెంబరుకు ఎదుట ఉన్నది అతని సొంత అక్క పేరే. నాకు చెల్లెలు వరస. మూడేళ్ల వయసులో పోలియో వచ్చి రెండు కాళ్లూ పోతే, చేతులతో నేల మీద జరుగుతూనే రవికలు కుట్టడం నేర్చింది. ఊళ్లో ఆమె కుట్టు వంటి కుట్టు లేదు. బస్టాండు దగ్గరి బట్టల దుకాణం సేటు, డిసెంబరు ఒకటి నుంచి మిషను వేసుకోవడానికి తన అరుగు మీద ఒక మూల ఇస్తానన్నాడు. రోజూ వేళకు తనంతట తాను వచ్చిపోగలిగితేనే అని షరతు పెట్టాడు. బండి ఆమెకు అందుకు కావాలి.

వాళ్లింటి ఆచారం ఒకటి ఇక్కడ చెప్పాలి. నీళ్లలోంచి ఎవరినైనా పట్టి తీస్తే, ఆ సంగతి వాళ్లు ఒడ్డు మీద నోట రానివ్వరు. చెబితే చెరువు ఆ మనిషిని మళ్లీ అడుగుతుందని వాళ్ల నాయన నమ్మకం. మా చిన్నాన్నను ఆయన ఒకసారి తూము దగ్గర బతికించిన సంగతి, ఎన్నో ఏళ్లకు చిన్నాన్న తానుగా చెబితేనే మాకు తెలిసింది. అంటే ఈ ఆచారం నాకు ముందే తెలుసు.

ఏడు గంటలకు ఈల వేశాను. ఈ రోజు వంటిదే మంచు. నీటి మీద నాలుగు బారల దూరంలో ఉన్న టోపీ కూడా కనిపించడం లేదు. ఏడు ఇరవై ఒకటికి నా కుడి పిక్క పట్టేసింది. నీళ్లలో తడిసినా ఆగని గడియారం నా చేతికి ఉండబట్టి ఆ నిమిషం నాకు కచ్చితంగా తెలుసు. రెండుసార్లు మునిగాను. అరవబోతే నోటి నిండా నీళ్లే. ఎంతో ముందుకు వెళ్లిపోయిన మా తమ్ముడు, వెనక నా చేతుల చప్పుడు ఆగిపోవడం విని కాబోలు, తిరిగి వచ్చాడు.

"పట్టుకో అన్నా. మెడ గాదు, భుజం పట్టుకో. ముచ్చట వెట్టకు, నీళ్లు తాగుతవ్."

పదమూడు నిమిషాలు ఆ భుజం పట్టుకున్నాను. ఒడ్డుకు నలభై మీటర్లుందనగా తుంగ దుబ్బు ఒకటి వచ్చింది. కాలు నేలకు అందింది, పిక్క వదిలింది. అతను తుంగ చాటున ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు.

"ఇగ నువ్వు పో. ఇద్దరం కలిసి పోతే నీ నెంబర్ కొట్టేస్తరు. పాపం గా కందుకూరు ముసలాయన. నేను జర ఆగి వస్త."

గడియారం చూసుకున్నాను. ఏడు ముప్ఫై నాలుగు. అతని చేతికి గడియారం లేదు, పుట్టినప్పటి నుంచీ లేదు. ఆరు నిమిషాలే ఉన్నాయి, ఎక్కువసేపు ఆగకు అన్న నాలుగు ముక్కలు నా నోటి దాకా వచ్చాయి. చెబితే అతను నా వెనకే వస్తాడు, వస్తే చూసేవాళ్లకు అనుమానం కలుగుతుంది. ఈ ఆలోచన రావడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఏమీ చెప్పకుండా ఈదుకుంటూ వెళ్లిపోయాను. ఏడు ముప్ఫై ఏడుకు ఒడ్డు చేరి, తువ్వాలు కప్పుకుని, రిజిస్టరు అందుకుని, పద్నాలుగో నెంబరు ఎదుట 37 అని నా చేత్తోనే రాసుకున్నాను.

ఏడు నలభైకి గడువు ముగిసింది. నలభై సెకన్లు దాటాక ఒక బ్యాంకు ఉద్యోగి వస్తే లెక్కలోకి రాదన్నాను; ఇంకొకాయన వస్తే అదే చెప్పాను. వల వేసి చేప కుదురుకునే దాకా ఓపిక పట్టే మనిషి తుంగలో అదే ఓపిక పట్టి, ఏడు నలభై మూడుకు నింపాదిగా వచ్చాడు. గోనె పట్టా మీద చేతులానించి కూర్చుని, అప్పటి దాకా వచ్చిన ప్రతి టోపీనీ చూస్తున్న వాళ్లక్క అరిచింది.

"ఏందిరా, చెర్లనే పుట్టినోనివి! నడిమిట్ల నిద్రవోయినవా?"

"అవ్ అక్కా, జర కునుకు పట్టింది" అని నవ్వాడు. నవ్వుతూనే నా వంక చూశాడు. సమయం మించిపోయిందని అతనికి అప్పుడే తెలిసింది.

కంపెనీ మేడం మంచి మనిషి. ఈయన మధ్యలో అందరికంటే ముందున్నాడని పడవవాళ్లు చెప్పారు, ఏదైనా అడ్డం వచ్చిందేమో కనుక్కోండి సార్, కారణం ఉంటే ఆ మూడు నిమిషాలు తీసేద్దాం అని నాతోనే అంది. నేను అతనిని అడిగినట్టు చూశాను. అతను తల అడ్డంగా ఊపాడు. ఊపుతాడని నాకు తెలుసు. ఏమీ లేదటండి అన్నాను. ఇరవై మూడో నెంబరు ఎదుట 43 అని రాసి, కింద గీత గీశాను. మేడం ఇంకా ఏదో అనబోతుంటే గోనె పట్టా మీది నుంచి నా చెల్లెలే అడ్డుపడింది.

"పోనీ తీయున్రి మేడం. అన్న రాసిండంటే రాసినట్టే. గాయన లెక్క తప్పదు."

కంపెనీవారు ఇద్దరు ఆ రిజిస్టరును రెండుసార్లు కూడి, ఒక్క తప్పు లేదని నాకు శాలువా కప్పారు. కందుకూరు పెద్దాయన కొత్త బండి మీద కూర్చుని నా రెండు చేతులూ కళ్లకద్దుకున్నాడు. నిజం చెబితే ఈయన బండి పోతుంది కదా అని ఆ క్షణంలో నన్ను నేను సమాధానపరచుకున్నాను. తరువాత ఎన్నో రాత్రులు అదే సమాధానం చెప్పుకున్నాను. కాని తుంగ దగ్గర నోరు మూసుకున్నప్పుడు నా మనసులో ఆ పెద్దాయన లేడు. నలుగురిలో ఇంకొకరి భుజం పట్టుకుని తేలినవాడిగా నిలబడవలసి వస్తుందన్న సిగ్గే ఉంది.

డిసెంబరు ఒకటి నుంచి మా తమ్ముడు అక్కను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఉదయం ఎనిమిది నలభైకి డిపో గేటు ముందు నుంచి తీసుకుపోయేవాడు. ఆమె నాకు చెయ్యి ఊపేది. వలకు వెళ్లిన రోజు తీసుకురావడానికి మనిషి ఉండేవాడు కాదు. బస్సులతో పాటు ఆ సైకిలునూ నేను రాసుకున్నాను, డిపో రిజిస్టరులో కాదు, నా డైరీలో. అరవై రోజులలో నలభై ఒక్క రోజులు వచ్చింది, పంతొమ్మిది రోజులు రాలేదు. అరవై ఒకటో రోజున సేటు ఆ మూలను వేరొకరికిచ్చాడు. నేనే ఒక బండి కొని ఇవ్వవచ్చు కదా అని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఇస్తే ఎందుకిచ్చావని అడుగుతారు, దానికి జవాబు నా దగ్గర ఉంది, అందుకే ఇవ్వలేదు. 2003లో మండల ఆఫీసు నుంచి ఆమెకు బండి వచ్చింది. అప్పటికి బస్టాండు అరుగులన్నీ నిండిపోయాయి. ఇంట్లోనే కుట్టుకుంటూ 2016లో కన్నుమూసింది, అన్న లెక్క తప్పదన్న నమ్మకంతోనే.

ఆ మరుసటి సంవత్సరం మన్నెగూడ చౌరస్తాలో చేపలమ్ముతున్న అతని దగ్గరికి పనిగట్టుకుని వెళ్లి, ఆ తుంగ దుబ్బు సంగతి ఎత్తాను. పూర్తిగా చెప్పనివ్వలేదు.

"ఏ ముచ్చటనే? నాకేం యాదికి లేదు. గా కొర్రమట్ట తీస్కపో, వదినెకు ఇష్టం" అని, చేపను తానే తూచి సంచిలో వేశాడు. నా ప్రాణం మీది భయంతో అతను ఇప్పటికీ ఆ సంగతి దాస్తున్నాడని ఇంటికి వచ్చే బస్సులో అర్థమయింది.

ఇప్పుడు అన్నీ మారాయి. నేను లెక్కపెట్టిన హద్దురాళ్ల చోట మేడలు లేచాయి. ఈదేవాళ్ల కాలికి చిన్న పట్టీ కడతారట, ఒడ్డు తాకగానే సమయం దానంతటదే రాసుకుంటుందట, సెకనులో వందో వంతు కూడా తప్పదట. మా కోడలు ఎంతో ముచ్చటగా చెప్పింది. మంచులో ఎవరు ఎవరి కోసం వెనక్కి తిరిగారో ఆ పట్టీ రాయదు. నేనూ రాయలేదు.

కోడలు వెళ్లాక ఆ ఏటి డైరీ తీసి, రిజిస్టరు నుంచి నేను ఎక్కించుకున్న పేజీని సరిచేశాను. నీళ్లలో దిగినవారు ముప్ఫై ఒకరు. సాయం పట్టుకున్నవారు ఆరుగురని ఉన్నచోట నన్ను కలిపి ఏడుగురని రాశాను. సమయం మించినవారు ముగ్గురని ఉన్నచోట ఇద్దరని రాశాను. దాటినవారిలో నా పేరు కొట్టేసి అతని పేరు రాశాను. కూడి చూశాను. అప్పుడు దాటినవారు ఇరవై ఇద్దరు. ఇప్పుడూ ఇరవై ఇద్దరే.