ఒక టర్కీ కోడి, నాలుగు నిప్పులు

నాకు మరిగించడం చేతనైనవి రెండే: ఒకటి నీళ్ళు, రెండోది మా ఆవిడ. అందులోనూ నీళ్ళు ఒక్కోసారి నా చేతిలో అడుగంటిపోతాయి గానీ, మా ఆవిడ మాత్రం ఏనాడూ వేళ తప్పకుండా పొంగుతుంది. ఇలాంటి వంటవాణ్ణి పట్టుకుని మొన్న క్రిస్మస్ సెలవు నాడు, మా రైల్వే ఊరి పక్కన కాసాయి నది ఒడ్డున పిక్నిక్‌లో, మా అల్లుడు జడ్జిని చేశాడు.

అల్లుడు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఉద్యోగం చేస్తాడు. సాలువా వైపు ఎవరో టర్కీ కోళ్ళు పెంచుతున్నారని తెలిసి ఒకటి కొనుక్కొచ్చాడు, దాన్ని కాల్చడానికి మూతా గడియారమూ ఉన్న గ్యాసు పొయ్యి ఒకటి తెచ్చాడు. వాడి ఫ్యాక్టరీ స్నేహితులు ఫోన్లు తీసి, ఒక దేశంలో ఈ పక్షిని మొత్తంగా నూనెలో ముంచుతారనీ, ఇంకో చోట పొగలో వేలాడదీస్తారనీ, గ్యాసుకి సాటి లేదనీ వాదులాడుకుని, చివరికి నా వైపు తిరిగి, “ఏ పద్ధతి బెస్టు, దాదూ?” అని ఈ తాతని అడిగారు. అసలీ పిక్నిక్ వెనక కుట్ర ఉందని నాకు తెలుసు. మేము పుట్టి పెరిగిన పాత రైల్వే క్వార్టర్ల వరస పడగొట్టినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదని మా ఆవిడ ఊరందరికీ చెబుతోంది. పొద్దున్నే నడకని వంక పెట్టి వెళ్ళి ఆ ఇటుకల గుట్ట చూసి వస్తానని కూడా చెబుతోంది. కొత్త రుచి పెడితే తింటానేమోనని వాళ్ళ ఆశ. అల్లుడు మొదటి ముక్క నా పళ్ళెంలోనే వేశాడు. ఆ వాసన ముక్కుకి తగలగానే, తినడం మానేసి నేను వాళ్ళకి కథ మొదలుపెట్టాను.

నా ఈడు వాళ్ళకి స్టీము ఇంజిన్ల కాలం గురించి చెప్పనక్కర్లేదు. ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి మసి చుక్కలతో చీటీగుడ్డ అయిపోయే రోజులవి. మా నాన్న ఫైర్‌మేను. ఆయన బొగ్గు వేసిన ఇంజినుకి డ్రైవరు మా గోడ పక్క క్వార్టరులోనే ఉండే ఆంగ్లో ఇండియన్ పెద్దమనిషి. మా వరసలో పిల్లలందరికీ ఆయన అంకుల్, ఆయన భార్య ఆంటీ. ఏటా నవంబరులో గోల్‌బజారు నుంచి ఒక టర్కీ కోడిని తెచ్చి పెరట్లో కట్టి మేపేవారు. అది మా నాన్నని చూసినప్పుడల్లా గొంతు ఎర్రగా వేలాడేసుకుని గుడగుడమని తిట్టేది, మా నాన్న కూడా డ్యూటీకి వెళ్తూ వెళ్తూ దాన్ని తెలుగులో తిట్టి వెళ్ళేవాడు. పండగనాడు అంకుల్ కూతుళ్ళూ, కొడుకులూ, వాళ్ళ చుట్టాలూ పెరడంతా నిండిపోయేవారు. సగానికి కోసిన నూనె డ్రమ్ములో ఇనప చువ్వల మీద పక్షిని పడుకోబెట్టి, కిందా మూత మీదా బొగ్గులు పేర్చి కాల్చేవారు. ఆ డ్రమ్ము అంటించే పని నాది. బడి మానేసినవాడికి అంతకన్నా హోదా ఏముంటుంది?

తరవాత ఏమైందో మీకూ తెలుసు, మీ ఊళ్ళోనూ అయ్యే ఉంటుంది. అంకుల్ పిల్లలు ఒక్కొక్కరే సముద్రాలు దాటిపోయారు. ఆయన రిటైరయ్యాడు. ఆయన రిటైరైన కొన్నాళ్ళకే ఆయన ఇంజిను కూడా రిటైరైంది, షెడ్డులో నిప్పులు ఆర్పేశారు. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని గేటు వైపు చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆ చలికాలం అన్నం ముట్టడం మానేశాడు. రోగమేమీ లేదనీ, ఇలా తినకపోతే మాత్రం మనిషి దక్కడనీ డాక్టరు చెప్పాడట. మా లైన్లలో ఉండి ఉండి మా తెలుగే పట్టుబడిన ఆంటీ, గోడ మీద మోచేతులు ఆనించి మా అమ్మతో అన్న మాట నాకింకా గుర్తు: “ఏటీ తినడమ్మా. నోట్లో ఎట్టుకుంటాడు, తీసీసి పక్కనెట్టీస్తాడు. క్రిస్మస్ నాడు టర్కీ అయినా తింటే సాలు, నాకింకేటీ వద్దు.”

ఆ పూట ఆయన చేత తినిపించాలి. అంతే మా పని. దానికి మా ఇంట్లో ముగ్గురు మగాళ్ళు నడుం కట్టారు, ముగ్గురివీ మూడు దారులు. నాన్నది గొయ్యి పద్ధతి: నేలలో గొయ్యి తీసి, బొగ్గులు ఎర్రగా మండించి, విస్తర్లు కుట్టే సాల్ ఆకుల్లో చుట్టిన మాంసం అందులో పెట్టి మట్టి కప్పేయడం. మా మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, వర్క్‌షాపు ఫౌండ్రీలో అచ్చులు తీసేవాడు. పోత పోయడానికి అచ్చుని ఎలా కడతారో అలా మాంసం చుట్టూ అరిటాకు, దాని మీద బంకమట్టి మెత్తి నిప్పుల్లో కాల్చాలని ఆయన పట్టు. నాకు మిగిలింది అంకుల్ వాళ్ళ పాత డ్రమ్ము. మావయ్య గొయ్యిలోకి తొంగి చూసి, “బావా, ఇది కోడికా, నీకా? కొలతలు నీకే సరిపోతన్నాయి” అన్నాడు. మా నాన్న ఊరుకోలేదు. “నీ మట్టి ముద్దని సూసి వినాయకుడనుకొని ఇందాకే దణ్ణమెట్టీసినాను. పత్రి ఏదిరా?”

పక్షి ఒకటే. ఎవరి నిప్పుకి ఇవ్వాలని పేచీ పడుతుంటే ఆంటీ లోపలి నుంచి కత్తి తెచ్చి మా అమ్మ చేతికిచ్చి, “కోసీండి. బల్ల మీద నిండు పక్షిని ఎట్టి సూపించడానికి ఎవలొస్తన్నారు గనక” అంది. అప్పటిదాకా హాస్యాలాడుతున్న మేమంతా ఎవరి బొగ్గులకి వాళ్ళం విసనకర్ర పట్టాం.

వాటి ఫలితాలు చెప్పాలి కదా. నా డ్రమ్ములో రొమ్ము ముక్క పైన నల్లగా మాడి లోపల పచ్చిగా ఉంది, అయ్యిందా లేదా అని నిమిషానికోసారి మూత తీసి చూసినందువల్ల. నా ఎనిమిదో తరగతి చదువు కూడా సరిగ్గా ఇలాగే ఉడికింది. నాన్న గొయ్యిలో తొడలు ఎముక విడిచేంత మెత్తగా వచ్చాయి, సాల్ ఆకు వాసన కమ్మగా పట్టింది గానీ కాల్చిన రంగు లేదు, ఉడకబెట్టినట్టే ఉంది. మావయ్య సుత్తితో మట్టి పగలగొట్టినప్పుడు వచ్చిన ఆవిరికి పక్క క్వార్టర్ల వాళ్ళు గోడలెక్కారు. ఒక్క చుక్క రసం బయటికి పోలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు గెలిచింది ఆయనే, బతికున్నంత కాలం ఆ విషయం మమ్మల్ని మరిచిపోనివ్వలేదు కూడా.

అంకుల్ని పెరట్లోకి తెచ్చి కూర్చోబెట్టారు. ఆయన మూడింటిలోంచీ చిటికెడు తుంచుకుని, మర్యాదస్థుడు కాబట్టి “గుడ్, వెరీ గుడ్” అని, మూడూ పళ్ళెం అంచున పెట్టేశాడు.

అప్పుడు మా నాన్న ఎవరితోనూ చెప్పకుండా ఇంట్లోకి వెళ్ళి తన బొగ్గు పార తెచ్చాడు. ఇంజిన్లు పోయినా అది మాత్రం మా ఇంట్లో ఎలా మిగిలిందో నన్ను అడగకండి. వెనకటికి దారిలో ఆకలేస్తే ఫైర్‌మేన్లు ఆ పారనే కడిగి, దాని మీదే గుడ్లు పగలగొట్టి, ఇంజిను పొయ్యి నోట్లో పెట్టి వేయించుకుని, డ్రైవరూ తామూ పంచుకుని తినేవారు. నాన్న దాన్ని తోమి, నెయ్యి రాసి, మిగిలిన రెక్కల ముక్కలు వేసి బొగ్గుల మీద రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు, పాదాలు ఎడంగా పెట్టి, కదిలే ఇంజిను మీద నిలబడినట్టే. పొగ అంకుల్ వైపు మళ్ళింది. ఆయన కుర్చీలో నిటారుగా అయ్యాడు. పళ్ళెం తనే చాచాడు. ఒక ముక్క తిన్నాడు, రెండోది తిన్నాడు. ఆంటీ మా అమ్మ చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. కొత్తగా కాపురానికొచ్చిన మా ఆవిడ, ఆమె మా మావయ్య కూతురే, తలుపు చాటున నిలబడి అంతా చూస్తోంది.

మూడో ముక్క నోటి దాకా తీసుకెళ్ళి అంకుల్ ఆగి, నాన్నని అడిగాడు.

“కౌన్ సా ఇంజిన్ హై, భాయ్?”

ఏ ఇంజినుది ఈ నిప్పు అని. గేటు వైపు చూస్తూ అడిగాడు, అది ఎక్కడో దగ్గర్లోనే ఆగి ఉన్నట్టు. మా నాన్న అబద్ధం ఆడగలిగితే ఆ పూట ఇంకో నాలుగు ముక్కలు లోపలికి వెళ్ళేవేమో. కానీ ఆ మనిషితో ముప్ఫై ఏళ్ళు ఒకే నిప్పు ముందు నిలబడ్డవాడు, ఏం ఆడతాడు? “ఇంజిన్ నహీ హై, సాబ్. ఘర్ కా కోయిలా” అన్నాడు. ఇంటి బొగ్గే, ఇంజిను లేదు. అంకుల్ తలూపాడు. మూడో ముక్కని మిగతా వాటి పక్కనే పద్ధతిగా పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

శివరాత్రి చూడలేదాయన. ఆంటీని కూతురు వచ్చి తీసుకెళ్ళిపోయింది. నాన్న ఆ పారని మళ్ళీ నిప్పు మీద పెట్టలేదు.

ఇదంతా చెప్పేసరికి నది మీద ఎండ పలచబడింది. నా శ్రోతల్లో ఇద్దరు ఫోటోలు తీసుకోవడానికి ఎప్పుడో జారుకున్నారు, మిగిలినవాళ్ళు మర్యాదగా ఫోన్లు చూసుకుంటున్నారు. వాళ్ళని ఏమనగలను? వాళ్ళ పక్షి నిజంగానే చక్కగా కాలింది, గడియారం మోగగానే దించేశారు, ఎవరూ మూత తీసి పాడుచెయ్యలేదు. కాకపోతే ఈ నిప్పుకి ఊరూ పేరూ లేదు. ముక్క కొరికి ఇది ఏ షెడ్డు బొగ్గు, ఎవరి చేతి మంట అని చెప్పగలిగిన నాలుకలు ఒక్కొక్కటీ కాటికి పోయాయి, ఆ మాట అడిగితే జవాబు చెప్పగలిగినవాళ్ళు అంతకు ముందే పోయారు. నిలబడి ఉన్న గోడలు కొన్ని ఉండేవి, మొన్న అవీ పడ్డాయి. కొత్తవి ఎన్ని లేచినా నాకు వాటితో పరిచయం కలిసే వయసు కాదు.

జడ్జిగా తీర్పు చెప్పాలి కదా అని పక్కనే కూర్చున్న మా ఆవిడతో అన్నాను, నాలుగింటిలోనూ పార పద్ధతే గొప్పదనీ, ఆ రోజు నిజంగా ఒక్క ఇంజిను మండుతూ ఉండి ఉంటే అంకుల్ ఇంకో రెండు క్రిస్మస్‌లు చూసేవాడేననీ.

ఆవిడ నా ఒళ్ళో పళ్ళెం కేసి చూసింది. అల్లుడు పెట్టిన ముక్క పెట్టినట్టే ఉంది, కొవ్వు తెల్లగా పేరుకుపోయి.

“ఆయన మాటకేటిలే బావా, పోనాడు. నీ ముక్క సల్లారిపోనాది సూసుకున్నావా? నువ్వు ఏ ఇంజినొస్తాదని కూకున్నావు?”